బాణం ఎందుకు గెంతుతోంది?

కూకట్‌పల్లిలో ఐదో అంతస్తు ఫ్లాటు. ఆదివారం పొద్దున. కిటికీ పక్కన టేబుల్ మీద 27 అంగుళాల 4కె మానిటరు. దాని వెనక మూత వేసి నిలబెట్టిన లాప్‌టాప్. లాప్‌టాప్‌కి తోకలా ఒక యూఎస్‌బీ హబ్, అందులోంచి మానిటరుకి హెచ్‌డీఎంఐ తీగ, ఆ పక్కనే బ్యాకప్ డిస్కు. ఇవతల చేతికింద వైర్‌లెస్ ట్రాక్‌ప్యాడ్. సుధ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారంలో మూడు రోజులు ఈ టేబులే ఆమె ఆఫీసు. మేనమామ రేడియో స్టేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మొన్ననే విజయవాడ నుంచి వచ్చాడు.

సుధ: చూశావా మామయ్యా, మళ్ళీ! వేలు కుడికి జరిపితే కర్సర్ అక్కడే నిలబడి, కాసేపు ఆలోచించుకుని, ఒక్కసారిగా గెంతింది. గెంతనప్పుడు ఈడ్చుకుంటూ వస్తుంది. ఇంక నా వల్ల కాదు, దీన్ని పారేసి కొత్తది కొనేస్తా.

మామయ్య: కొను. కొత్తదాని బాణం కూడా గెంతితే?

సుధ: ఎందుకు గెంతుతుంది? దీనికి రెండేళ్ళు నిండాయి. ముసలిదైపోయింది.

మామయ్య: ముసలిదవడానికి అందులో ఏముందే? తిరిగే చక్రం లేదు, అరిగే బెల్టు లేదు. పైన పలక, కింద సెన్సర్లు, ఒక బ్యాటరీ, ఒక బుల్లి రేడియో. బ్యాటరీ ఎంతుంది?

సుధ: 80 శాతం. నేనూ చేతులు కట్టుకుని కూర్చోలేదులే. గురువారం రాత్రి అన్నీ చేశా. పెయిరింగ్ తీసేసి మళ్ళీ పెయిర్ చేశా, అప్‌డేట్ వేశా, రీస్టార్ట్ కొట్టా, ట్రాకింగ్ స్పీడు మార్చా, హబ్ ఊడదీసి మళ్ళీ పెట్టా. తగ్గింది. శుక్రవారమంతా ఒక్కసారీ గెంతలేదు. నిన్న మళ్ళీ మొదలు.

మామయ్య: దేనివల్ల తగ్గింది?

సుధ: ఏమో. తగ్గింది కదా!

మామయ్య: ఐదు మందులు ఒకే గుక్కలో మింగావు. ఏది పనిచేసిందో నీకు తెలీదు. అందుకే నిన్న మళ్ళీ వచ్చేసరికి చేతిలో ఒక్క మందూ లేదు, ఐదూ మళ్ళీ మింగాల్సిందే.

సుధ: నీది రిటైరైనవాళ్ళ సిద్ధాంతం మామయ్యా. ఒక్కొక్కటీ మార్చి, రోజంతా చూసి, పుస్తకంలో రాసుకోవడానికి నాకు తీరికెక్కడిది? పది గంటలకి మీటింగు, నేను స్క్రీన్ షేర్ చేస్తుంటే పది మంది చూస్తుంటారు. అప్పుడు నాకు కారణం అక్కర్లేదు, కర్సర్ కదలాలి. జ్వరమొస్తే ముందు మాత్ర వేస్తారా, రక్తపరీక్షకి రాస్తారా?

మామయ్య: మొదటి రోజు మాత్రే. మూడో రోజుకీ తగ్గకపోతే పరీక్ష. నీ జ్వరానికి ఎన్నాళ్ళు?

సుధ: రెండు నెలలు. అయినా నువ్వు మాత్రం తక్కువా? మొన్న రాత్రి అత్తయ్య ఫోన్ చేసి టీవీ రావట్లేదంటే ఏం చెప్పావు? బాక్సు ఆపి, పది లెక్కపెట్టి వెయ్యమన్నావు. ముందు కారణం కనుక్కోమని ఎందుకు చెప్పలేదు?

మామయ్య: విన్నావూ? ఒప్పుకుంటున్నా. సీరియల్ టైముకి పాఠం చెబితే నాకు అన్నం పుట్టదు. కానీ ఆ బాక్సు నెలకోసారి మొరాయిస్తుంది. ఆపి వేస్తే ఇంకో నెల నడుస్తుంది. నెలకి అర నిమిషం పోతే పోనీ. నీది ఎన్నిసార్లు?

సుధ: లెక్కపెట్టలేదు. గంటకోసారి అనుకో. ఐదారు నిమిషాలు గెంతి, దానంతటదే సర్దుకుంటుంది.

మామయ్య: గంటకోసారా? ఆ మాట పక్కన పెట్టు, మళ్ళీ దాని దగ్గరకొస్తా. నన్నడిగితే నీ ట్రాక్‌ప్యాడ్‌కి ఏ రోగమూ లేదు. ఉన్నదంతా గాల్లో.

సుధ: అనుకున్నా. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. నువ్వు రేడియోలో పనిచేశావు కాబట్టి ఏది చెడినా నీకు గాల్లోనే కనబడుతుంది.

మామయ్య: నీకు అప్‌డేట్‌లో కనబడినట్టే. సరే, విను. బ్లూటూత్ ఏ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది? 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా. మా చిన్నప్పుడు రేడియో వినడానికి కూడా లైసెన్సు పుస్తకం ఉండేది, పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి ముద్ర వేయించుకునేవాళ్ళం. ఈ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మాత్రం 2005లో మన ప్రభుత్వమే తలుపులు తీసింది. తక్కువ శక్తి పరికరాలకి లైసెన్సు అక్కర్లేదంది. దాంతో అది ఊరుమ్మడి చెరువైంది. వైఫై అందులోనే, బ్లూటూత్ అందులోనే, నీ వంటింట్లో మైక్రోవేవ్ కూడా అందులోనే. ఈ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని వైఫైలు కనబడుతున్నాయి?

సుధ: ఇరవై పైనే. కానీ ఆ లెక్క ఇప్పుడు చెల్లదు మామయ్యా. బ్లూటూత్ అంత అమాయకురాలు కాదు. మామూలు బ్లూటూత్‌లో ఆ బ్యాండ్‌ని 79 చానళ్ళుగా కోసి, సెకనుకి 1600 సార్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచీ ఏ చానళ్ళలో రద్దీ ఉందో గుర్తుపట్టి వాటిని వదిలేస్తుంది కూడా. పక్కింటి వైఫై ఒక 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తే ఇది మిగతా చోట తిరుగుతుంది. అందుకే చూడు, ఇదే గదిలో నా ఇయర్‌బడ్స్ ఒక్కసారీ తడబడవు. గాలి పాడైతే పాట కూడా తెగాలిగా?

మామయ్య: మంచి ప్రశ్న. పాట సంగతి వేరు. ఇయర్‌బడ్స్ పాటని కాస్త ముందుగానే తెచ్చి నింపుకుని వాయిస్తాయి. మధ్యలో ఒక ముక్క పోయినా మళ్ళీ అడిగి తెప్పించుకునే వ్యవధి ఉంటుంది. నీ వేలు ఇంకో క్షణానికి ఎటు పోతుందో ముందే తెచ్చిపెట్టుకోగలదా? ముక్క పోతే బాణం నిలబడుతుంది. దొరికాక ఒకేసారి గెంతుతుంది. అదే గాలి, పాటకి తెలీకుండా పోయింది, వేలికి తెలిసిపోయింది.

సుధ: సరే, అది ఒప్పుకుంటా. కానీ ముక్క ఎందుకు పోవాలి? రద్దీ చానళ్ళు తప్పించుకుంటుందని చెప్పాగా.

మామయ్య: తప్పుకోవడానికి చోటుంటే తప్పుకుంటుంది. ఒక వీధిలో ఊరేగింపు వస్తుంటే పక్క వీధిలోంచి పోతావు. ఊరంతా వరదొస్తే?

సుధ: ఆ వరద ఎక్కడిది?

మామయ్య: అదుగో, ఆ డిస్కు. అది యూఎస్‌బీ 3. తీగలో సెకనుకి 5 గిగాబిట్లు పరిగెడతాయి. అంత వేగంతో కదిలే సంకేతం తీగ చివర, ప్లగ్గు దగ్గర, కవచం సరిగ్గా లేని హబ్ దగ్గర కొంత బయటికి కారుతుంది. ఆ కారింది ఒక చానల్ మీద పడితే నీ బ్లూటూత్ తప్పించుకునేది. అది 2.4 బ్యాండ్ మొత్తం మీద గరగరలా పరుచుకుంటుంది. ఇది నా కామెర్ల మాట కాదు. 2012లో ఇంటెల్ వాళ్ళు కొలిచి ఒక పత్రమే వెలువరించారు. యూఎస్‌బీ 3 డిస్కు తగిలిస్తే ఆ దగ్గర్లో ఈ బ్యాండ్‌లో నాయిస్ దాదాపు 20 డెసిబెల్స్ పెరిగింది. డెసిబెల్స్ లెక్కలో 20 అంటే వంద రెట్లు. ఆ హోరు పక్కనే నీ లాప్‌టాప్‌ని కూర్చోబెట్టి, దూరంగా ఉన్న ట్రాక్‌ప్యాడ్ గుసగుస వినమంటున్నావు. పైగా మధ్యలో మానిటరు.

సుధ: నీ వాదం ఇక్కడే పడిపోయింది మామయ్యా. డిస్కు రోజంతా తగిలించే ఉంటుంది. మరి గెంతడం రోజంతా ఎందుకు లేదు?

మామయ్య: ఇందాక పక్కన పెట్టిన మాట తియ్యి. గంటకోసారి అన్నావు. బ్యాకప్ ఎప్పుడెప్పుడు అవుతుంది?

(సుధ సెట్టింగ్స్ తెరిచి చూసింది. కాసేపు మాట్లాడలేదు.)

సుధ: గంటకోసారి.

మామయ్య: గురువారం హబ్ ఊడదీశానన్నావు. తిరిగి పెట్టినప్పుడు డిస్కు కూడా పెట్టావా?

సుధ: లేదు. నిన్న పొద్దున బ్యాకప్ అవలేదని మెసేజ్ వస్తే అప్పుడు పెట్టా. అయ్యో! అంటే ఆ ఐదింటిలో ఏదీ కాదు. నేను చెయ్యడం మర్చిపోయిన పని వల్ల తగ్గింది!

మామయ్య: చూశావా మరి.

సుధ: ఉండు ఉండు, అప్పుడే మీసం తిప్పకు. బ్యాకప్ నడిచేటప్పుడు డిస్కు ఒక్కటే కాదు, ప్రాసెసర్ కూడా తలమునకలుగా ఉంటుంది. వేల ఫైళ్ళు వెతకాలి, పోల్చాలి. దానికి తీరిక లేక కర్సర్ గీయడం ఆలస్యమవుతుండొచ్చు. అదీ గంటకోసారే కదా? నీ వరదా నా ప్రాసెసరూ ఒకే టైముకి వస్తాయి. గడియారం చూసి ఎవరు దొంగో ఎలా చెప్తావు?

మామయ్య: చెప్పలేను. ఇది నాకు తట్టలేదు. ఇద్దర్నీ విడదీసే మార్గం ఉందా?

సుధ: నేను మీటింగుల్లో చేసే పనే. ఛార్జింగ్ తీగ. ఈ ట్రాక్‌ప్యాడ్‌కి తీగ తగిలిస్తే బ్లూటూత్ వదిలేసి తీగలోంచే మాట్లాడుతుంది. నాకు అది ఇప్పటిదాకా తప్పించుకునే దారి. ఇప్పుడు బ్యాకప్ మొదలుపెట్టి తీగ పెడదాం. అయినా గెంతితే ప్రాసెసర్. గెంతకపోతే నీ గాలి.

మామయ్య: శభాష్! నీ మాత్రే నీకు రక్తపరీక్ష అయింది.

(బ్యాకప్ మొదలైంది. ముందు తీగ లేకుండా చూశారు. బాణం నిలబడింది, గెంతింది, మళ్ళీ నిలబడింది. తీగ తగిలించారు. గెంతడం ఆగిపోయింది. తీగ ఊడదీశారు. మళ్ళీ గెంతింది.)

మామయ్య: తేలిపోయింది. గాలే. డిస్కు దూరంగా పెట్టు, పద టిఫిను తిందాం.

సుధ: నాకింకా తేలలేదు. తీగ తగిలించి నువ్వొకసారి పట్టుకుని చూడు. గుండ్రంగా తిప్పు. ఎలా ఉంది?

మామయ్య: గెంతట్లేదు. కాకపోతే... బురదలో నడిచినట్టుంది. వేలు ముందు పోతోంది, బాణం వెనకాల వస్తోంది.

సుధ: గెంతుతోంది, ఈడుస్తోంది అని మొదట్లోనే రెండు మాటలు చెప్పా. నువ్వు ఒకటే విన్నావు. తీగ పెట్టినా ఈడుస్తోందంటే ఇది నీ గాలి కాదు. ఇక నా వంతు. లాప్‌టాప్ మూత తీసి దాని సొంత ట్రాక్‌ప్యాడ్ వాడతా. చూడు, లాప్‌టాప్ తెర మీద వెన్నలా పోతోంది. అదే వేలు, అదే ట్రాక్‌ప్యాడ్, కర్సర్‌ని ఇప్పుడు మానిటరు మీదకి తోస్తున్నా. చూశావా? గడప దాటగానే కాళ్ళీడుస్తోంది.

మామయ్య: అయితే లోపం వేలి దగ్గర కాదు, తెర దగ్గరుంది. మానిటరు పాడైందా?

సుధ: తొందరపడకు, నన్ను కొననివ్వలేదు, ఇప్పుడు నువ్వు కొనిపించేలా ఉన్నావు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ చూద్దాం. ఇదుగో, 30 హెర్ట్జ్. లాప్‌టాప్ తెర సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంటే ఇది 30 సార్లే మారుస్తోంది. అక్కడ 17 మిల్లీసెకన్లకోసారి కర్సర్ కొత్త చోట కనబడితే ఇక్కడ 33కి. సినిమా చూస్తే తేడా తెలీదు, దానికి సెకనుకి 24 బొమ్మలు చాలు. వేలు కదులుతున్నప్పుడు మాత్రం కన్ను పట్టేస్తుంది.

మామయ్య: 60కి మార్చు మరి.

సుధ: జాబితాలో 60 లేదు. ఎందుకు లేదో ఇప్పుడర్థమవుతోంది. ఈ యూఎస్‌బీ సి ప్లగ్గులో వేగంగా నడిచే దారులు నాలుగుంటాయి. నాలుగూ మానిటరుకిస్తే బొమ్మ ధారాళంగా పోతుంది. ఇలాంటి హబ్‌లు రెండు దారులు బొమ్మకిచ్చి, రెండు యూఎస్‌బీ 3కి ఉంచుతాయి. ఆ రెండు దారుల్లో, ఈ హబ్ వాడే వేగంలో, సెకనుకి 8.64 గిగాబిట్ల కన్నా బొమ్మ పట్టదు. 4కె బొమ్మ సెకనుకి 60 సార్లు పంపాలంటే 12 దాకా కావాలి. అందుకని సగానికి దిగి 30 దగ్గర సర్దుకుంది.

మామయ్య: ఆగాగు. ఆ మిగిలిన రెండు దారులు ఎవరికన్నావు?

సుధ: యూఎస్‌బీ 3కి. అంటే... డిస్కుకి!

మామయ్య: అదేనే నేననేది. డిస్కు కోసం పక్కన పెట్టిన దారులు ఇటు నీ తెర దారిని సగం చేశాయి. అటు వాటిలోంచి కారిన హోరు నా గాలిని పాడు చేసింది. పెట్టె ఒకటే, రోగాలు రెండు. కలిసి వచ్చి ఒకే రోగంలా కనబడ్డాయి.

సుధ: నీ మాటే విని డిస్కు ఒక్కటే దూరం పెట్టి ఊరుకుంటే?

మామయ్య: గెంతడం పోయేది, ఈడవడం ఉండేది. నేను విజయవాడ వెళ్ళాక నువ్వు ఫోన్ చేసి, మామయ్యా నీ సిద్ధాంతం తప్పు అనేదానివి. నేను కాదని వాదించేవాణ్ణి. ఇద్దరం సగం సగం రైటే కాబట్టి ఆ వాదన ఎప్పటికీ తెగేది కాదు.

సుధ: అదే కొత్త ట్రాక్‌ప్యాడ్ కొనుంటే అది కూడా వచ్చి ఇదే హబ్ ఎదురుగా కూర్చుని, ఇలాగే గెంతేది. డబ్బు పోయేది, ఈడుపు అలాగే ఉండేది.

మామయ్య: ఇప్పుడు బాగుచేద్దాం. ఒక్కోటీ. ముందు డిస్కు. దానికి పొడుగు తీగ ఉందా?

సుధ: మీటరు తీగుంది. హబ్‌కి కాకుండా లాప్‌టాప్ అటువైపు పోర్టుకి పెట్టి, డిస్కుని టేబుల్ ఆ చివరికి జరుపుతా. ట్రాక్‌ప్యాడ్ తీగ తీసేశా. బ్యాకప్ మొదలు. గెంతట్లేదు! ఈడవడం అలాగే ఉంది.

మామయ్య: ఉండాలి. దాన్ని మనం ముట్టుకోలేదుగా. రెండోది?

సుధ: మానిటరు వెనక యూఎస్‌బీ సి పోర్టుంది. దాని తీగ కొన్నప్పుడు డబ్బాలోనే వచ్చింది, ఆ డబ్బా అటక మీదుంది. హబ్ చాలనుకుని ఇన్నాళ్ళూ తియ్యనే లేదు.

(స్టూలు తెచ్చి మామయ్య అటక మీంచి డబ్బా దించాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని తీగ. లాప్‌టాప్ నుంచి మానిటరుకి నేరుగా తగిలించారు. సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ వచ్చింది.)

సుధ: అబ్బ! ఎంత తేలికైపోయిందో! ఇన్నాళ్ళూ బరువు మోస్తున్నానని నా చేతికే తెలీదు.

మామయ్య: ఇంక మూడోది. లాప్‌టాప్‌ని మానిటరు వెనకనుంచి తీసి పక్కన పెట్టు. చాలా లాప్‌టాప్‌లలో ఆంటెన్నాలు మూత అంచుల్లోనో కీలు దగ్గరో ఉంటాయి, మూత వేసి దాని ముందు అంత మానిటరు నిలబెడితే మాట సరిగా వినబడదు. నాలుగోది, నీ వైఫై 2.4లో ఉందేమో చూసి 5 గిగాహెర్ట్జ్‌కి మార్చు. చాలా లాప్‌టాప్‌లలో వైఫైకీ బ్లూటూత్‌కీ ఒకటే చిప్పు. ఒకే బ్యాండ్‌లో ఉంటే వంతులేసుకుని మాట్లాడాలి, వీడియో కాల్ నడిచేటప్పుడు బ్లూటూత్ వంతు...

సుధ: ఆపు మామయ్యా! ఇప్పుడు గెంతడం లేదు, ఈడవడం లేదు. రోగమే లేనప్పుడు ఇంకో రెండు మందులు మింగమంటున్నావు. రేపు మళ్ళీ వస్తే దేనివల్ల వచ్చిందని చెప్పుకుంటాం? ఎవరో పొద్దున్నే ఐదు మందుల గురించి తెగ చెప్పారు.

మామయ్య: నా కర్రతో నన్నే కొట్టావు. సరే, ఆ రెండూ కాగితం మీద రాసి పెట్టుకో. మళ్ళీ గెంతిన రోజు ముందు అవి చూడు.

సుధ: అయినా ఒక మాట. గంటన్నర పట్టింది మనకి. రేపు మీటింగు మధ్యలో ఇంకేదైనా మొరాయిస్తే నేను ముందు రీస్టార్టే కొడతా. అందులో మార్పు లేదు.

మామయ్య: కొట్టు. నేనూ బాక్సు ఆపే వేస్తాను. రెండోసారి కూడా అదే టైముకి మొరాయిస్తే మాత్రం ఆ టైము రాసుకో. కారణం వెతకడానికి తీరిక లేకపోయినా, టైము రాయడానికి పది సెకన్లు చాలు. ఇవాళ మనకి దారి చూపించింది ఆ గంట లెక్కే. సరే, ఇప్పుడు హబ్ తెచ్చి లాప్‌టాప్‌కి తగిలించి, డిస్కు మళ్ళీ దానికే పెట్టు.

సుధ: పిచ్చా మామయ్యా? బాగైందిగా!

మామయ్య: గురువారం కూడా బాగైంది. ఆ బాగవడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు చూపించు.

(సుధ గొణుక్కుంటూనే హబ్ తగిలించి, డిస్కు పాత చోట పెట్టి, బ్యాకప్ నొక్కింది. బాణం రెండు క్షణాలు మామూలుగా కదిలింది. తర్వాత నిలబడింది. గెంతింది.)

సుధ: గెంతింది!

మామయ్య: ఇప్పుడు తియ్యి.

సుధ: తీశా. మీటరు తీగకి పెట్టా. బ్యాకప్ మళ్ళీ నడుస్తోంది... గెంతడం ఆగిపోయింది! మళ్ళీ హబ్‌కి పెడతా చూడు.

మామయ్య: చాల్లేవే, తెలిసిపోయిందిగా. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి.

సుధ: ఒక్క నిమిషం మామయ్యా. ఇంకొక్కసారి గెంతిస్తా.